భిక్షుణులకు కొత్త నివాసం: గృహస్థులు మొదటి ఏడాది ఏం చేయాలి, ఎలా చేయాలి

మెల్‌బోర్న్ శివారులో ఇద్దరు థేరవాద (శ్రీలంక, థాయిలాండ్‌లలో ఉన్న బౌద్ధ సంప్రదాయం) భిక్షుణుల కోసం మేం కొంతమందిమి కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మొదటి ఆదివారం తొమ్మిది కుటుంబాలు వంటలు తెచ్చాయి. మూడు రకాల పులిహోర, రెండు గిన్నెల పాయసం, శ్రీలంక వాళ్ల పరిప్పు, పోల్ సంబోల్. ఫ్రిజ్ తలుపు పడలేదు. ఆ బుధవారం మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఎవరికి వాళ్లం ఇంకెవరో వెళ్తారులే అనుకున్నాం.

ఆ రోజు ఇద్దరూ ఏమీ తినలేదు. ఫ్రిజ్ నిండా తిండి ఉంది, కానీ తీసి చేతికి అందించే మనిషి లేరు. వాళ్ల వినయ నియమాల (భిక్షుణులు పాటించాల్సిన కట్టుబాట్లను వినయం అంటారు) ప్రకారం, చేతికి అందివ్వనిది తినకూడదు, నిన్న తీసుకున్నది దాచుకుని ఇవాళ తినకూడదు. ఎవరికీ ఫోన్ చేయలేదు, మాట కూడా అనలేదు. శుక్రవారం వెళ్లిన ఒక ఆవిడ, డబ్బాలు పెట్టినవి పెట్టినట్టే ఉండటం చూసి అడిగితే అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి నాకు ఒక్కటే పట్టుకుంది. వాళ్లు అడగరు, చాలా విషయాల్లో అడగకూడదు కూడా. కాబట్టి అడగకముందే చూసుకునే ఏర్పాటు మనం చేసిపెట్టాలి. ఇల్లు దొరకడం అందులో చిన్న భాగమే. ఇంకో ఊళ్లో, ఇంకో దేశంలో ఇదే పని మొదలుపెడుతున్న తెలుగువాళ్లకు పనికొస్తుందని, మేం నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను.

1. ముందు వాళ్ల నియమాలు తెలుసుకోండి

థేరవాద భిక్షుణికి 311 నియమాలు, భిక్షువుకు 227. చైనా, వియత్నాం సంప్రదాయంలో భిక్షుణులకు 348. అక్కడ వాళ్లే వండుకుంటారు, శాకాహారమే తింటారు. కాబట్టి మీ ఊరికి వచ్చేవాళ్లు ఏ సంప్రదాయం వాళ్లో ముందు కనుక్కోండి. ఇక్కడ రాసేదంతా థేరవాదం గురించి.

ఈ సంప్రదాయంలో భిక్షుణీ సంఘం చాలా శతాబ్దాలు తెగిపోయి, మన కళ్లముందే మళ్లీ మొదలైంది. 1996లో సారనాథ్‌లో, 1998లో బోధ్‌గయలో ఉపసంపదలు, అంటే పూర్తి దీక్షలు జరిగాయి. 2009 అక్టోబరు 22న ఆస్ట్రేలియాలో పెర్త్ దగ్గరి బోధిన్యాన విహారంలో నలుగురు మహిళలు భిక్షుణులయ్యారు. దాంతో ఆ విహారానికి థాయిలాండ్‌లోని మాతృవిహారంతో సంబంధం తెగింది. భిక్షువుల విహారాలకు తరతరాల దాతలు, భూములు, అలవాటైన ఊళ్లు ఉంటాయి. భిక్షుణులకు చాలాచోట్ల అవేవీ ఉండవు, సున్నా నుంచి మొదలు. మనం చేసే పని విలువ అక్కడే ఉంది.

పిలుపు గురించి ఒక మాట. భిక్షుణిని పాళిలో "అయ్యా" అని పిలుస్తారు, అంటే ఆర్యురాలు అని. మన చెవికి అది మగవాళ్లను పిలిచినట్టుంటుంది. మా అత్తయ్య మొదట్లో నోరు తిరక్క "అమ్మా" అనేది, వాళ్లు ఏమీ అనుకోలేదు. శ్రీలంక వాళ్లు "మెహెణిన్ వహన్సే" అంటారు. ఏ పిలుపైనా ఫరవాలేదు, పేరు పెట్టి మాత్రం పిలవకండి.

2. ఇల్లు: అడవి కాదు, ఊరి అంచు

ధ్యానం చేసుకునేవాళ్లు కదా, ఎక్కడో కొండ మీద ప్రశాంతంగా ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. భిక్షుణుల వినయంలో అరణ్యవాసం లేదు. ఆడవాళ్ల మీద దాడులు జరిగాక, వాళ్ల రక్షణ కోసం పెట్టిన నియమం అది. ఇరవై, ముప్ఫై నిమిషాల కారు దూరంలో కనీసం పది కుటుంబాలు ఉన్నచోటే చూడండి. వర్షావాసానికి, అంటే ఏటా మూడు నెలలు ఒకేచోట ఉండే కాలానికి, దగ్గర్లో భిక్షువుల విహారం ఉండాలన్న నియమం కూడా ఉంది. దాన్ని ఎంత కచ్చితంగా పాటిస్తారో వాళ్లనే అడగండి.

ఇంట్లో చూడాల్సినవి: మనిషికొక గది, తలుపుకు లోపలి గడియ, బయటివాళ్లు వాడుకోవడానికి వేరే బాత్రూం, పదిహేను ఇరవై అడుగులు వేసి నడక ధ్యానం చేసుకునేంత పెరడు, పక్కింటి కిటికీలోంచి కనపడని చోటు. రాత్రి ఏడింటికి ఒకసారి వెళ్లి వీధి ఎలా ఉందో చూడండి. పగలు చూసి ఒప్పుకున్న ఇల్లు రాత్రి వేరుగా ఉంటుంది.

ఇంటి యజమానికి నిజం చెప్పండి: ఉండేది భిక్షుణులు, ఆదివారం పదిహేను మంది వస్తారు, ఇన్ని కార్లు ఆగుతాయి. నివాసంగా తీసుకున్న ఇంట్లో క్రమం తప్పకుండా జనం గుమిగూడితే మునిసిపల్ కౌన్సిల్ దాన్ని ప్రార్థనాస్థలంగా లెక్కేసి అనుమతి అడగొచ్చు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే కౌన్సిల్‌కు ఫోన్ చేసి తెలుసుకోండి.

3. కాగితాలు: "ఇచ్చినట్టు సాక్షి ఎవరు?"

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. భిక్షుణులకు విధించిన సంఘాదిశేష నియమాల్లో, అంటే చాలా బరువైన నియమాల్లో, మొట్టమొదటిది పుట్టిందే ఇలాంటి ఇంటి గొడవలోంచి. ఒక ఉపాసకుడు, అంటే గృహస్థ భక్తుడు, తన కొట్టం ఒకటి భిక్షుణీ సంఘానికి ఇచ్చి చనిపోయాడు. అతనికి ఇద్దరు కొడుకులు, ఒకడికి శ్రద్ధ ఉంది, ఇంకొకడికి లేదు. ఆస్తి పంచుకున్నాక శ్రద్ధ లేనివాడు వచ్చి, ఇది మాది, ఖాళీ చేయండి అన్నాడు. థుల్లనందా అనే భిక్షుణి, మీ నాన్న మాకిచ్చాడు అంది. తగువు న్యాయాధికారుల దాకా వెళ్లింది. ఇచ్చినట్టు ఎవరికి తెలుసని వాళ్లడిగారు. దానం ఇచ్చేటప్పుడు సాక్షులను పెట్టడం మీరెక్కడైనా చూశారా అని ఆవిడ ఎదురడిగింది. కొట్టం సంఘానికే దక్కింది గానీ, భిక్షుణులు నలుగురిలో మాట పడ్డారు. భిక్షుణి వ్యాజ్యానికి దిగకూడదన్న నియమం వచ్చింది.

అంటే ఇవాళ కాగితం సరిగ్గా లేక రేపు తగువొస్తే, తమ తరఫున కోర్టుకు వెళ్లే వీలు కూడా వాళ్లకు లేదు. ఆ భారం ముందే మనం మోయాలి.

ఇల్లు, బ్యాంకు ఖాతా, కారు ఏ ఒక్క దాత పేరు మీదా ఉండకూడదు, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఆయన తర్వాత పిల్లలుంటారు. నమోదైన సంస్థ పేరు మీదే ఉండాలి. ఆస్ట్రేలియాలో రాష్ట్రస్థాయిలో అసోసియేషన్‌గా నమోదు చేసి, తర్వాత చారిటీల కమిషన్ ఏసీఎన్‌సీలో చేరొచ్చు. మతసంస్థలకిచ్చే విరాళాలకు ఇక్కడ మామూలుగా పన్ను మినహాయింపు రాదు, ఆ మాట దాతలకు మొదటి రోజే చెప్పండి. ఆంధ్ర, తెలంగాణల్లో అయితే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయొచ్చు, లేదా ట్రస్టు పెట్టొచ్చు. విదేశాల నుంచి అక్కడికి డబ్బు పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ పరిధిలోకి వస్తుంది. ఆ నమోదు లేని సంస్థ ఆ డబ్బు తీసుకోకూడదు.

సంస్థ నియమావళిలో మూడు వాక్యాలు తప్పక ఉండాలి. ఆస్తి భిక్షుణీ సంఘం వాడుక కోసమే. సంస్థ మూతపడితే మిగిలింది అలాంటి ఇంకో సంస్థకే వెళ్తుంది. ఖాతా నుంచి ఏది తీయాలన్నా బంధుత్వం లేని ఇద్దరి సంతకాలు కావాలి.

మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఉపాసిక బోధిసిరి తన శాసనంలో ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో రాయి మీద చెక్కించింది: ఒకచోట చైత్యగృహం, ఒకచోట గదులు, ఒకచోట చెరువు, కంటకసోల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతిమండపం. పని చూసిన ముగ్గురు థేరుల, అంటే పెద్ద భిక్షువుల, పేర్లు కూడా వేయించింది. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, పని ఎవరు చూశారు అన్నవి మనమూ రాసిపెట్టుకోవాలి.

దానం ఇచ్చేటప్పుడు పలికే మాట కూడా ముఖ్యం. "ఫలానా అయ్యాకు" అంటే అది ఆమె సొంతం. "వచ్చిన, రాబోయే నాలుగు దిక్కుల భిక్షుణీ సంఘానికి" అంటే అది ఎవరూ పంచుకోలేని సంఘం ఆస్తి అవుతుంది. నివాసాన్ని ఎప్పుడూ ఈ రెండో మాటతోనే ఇవ్వాలి.

4. డబ్బు పట్టుకునే మనిషి

వాళ్లు డబ్బు ముట్టరు. కాబట్టి కప్పియ ఒకరు కావాలి, అంటే వాళ్ల తరఫున కొని తెచ్చే గృహస్థు. మేం ఇద్దరిని పెట్టుకున్నాం, ఒకరు ఊరెళ్తే ఇంకొకరు. కప్పియ దగ్గర సంస్థ కార్డు, రసీదులు వేసే కవరు, నెలాఖరున అందరికీ పంపే ఒక పేజీ లెక్క ఉండాలి. పెద్ద విరాళం ఒకసారి వచ్చి ఆగిపోవడం కన్నా, నెలనెలా చిన్నమొత్తం ఇచ్చే ఇరవై మంది ఉండటం మేలు. కనీసం ఆరు నెలల అద్దె చేతిలో ఉంటే గానీ ఇల్లు తీసుకోకండి. వచ్చే నెల అద్దె ఎలా అన్న టెన్షన్ ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియకుండా దాచలేం.

చందా పోగేస్తూ "అయ్యా అడగమన్నారు" అని ఎవరైనా అంటే వెంటనే ఆపండి. అది వాళ్ల నియమానికే దెబ్బ.

5. దానె: రోజూ జరగాల్సిన పని

శ్రీలంక వాళ్లు భోజన దానాన్ని దానె అంటారు. మేమూ అదే మాట వాడుతున్నాం. ముందు క్యాలెండర్ పెట్టండి. ప్రతి తేదీకి ఒక కుటుంబం, ఒక బదులు కుటుంబం. ముందురోజు సాయంత్రం ఆరింటికి క్యాలెండర్ చూసే మనిషి ఫోన్ చేసి రేపు వస్తున్నారు కదా అని అడగాలి. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సరిపోదు, బుధవారం మాకు నేర్పింది అదే. ఆదివారాలు, పున్నములు వాటంతటవే నిండిపోతాయి. మీ ఓపిక మంగళ, బుధ, గురువారాల మీద పెట్టండి. ఇంట్లో ఒక అనాగారిక (ఇల్లు వదిలి, భిక్షుణి కావడానికి ముందు దశలో ఉన్న మనిషి) గానీ, ఎనిమిది శీలాలతో ఉండే ఉపాసిక గానీ ఉంటే సగం బరువు దిగుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నది గృహస్థుల సొత్తుగా ఉంచి, ఆ రోజుకు కావాల్సింది తీసి అందిస్తుంది.

వేళ సంగతి. తెల్లవారినప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం వరకే భోజనం. మిట్టమధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ. మెల్‌బోర్న్‌లో చలికాలం అది 12.20 ప్రాంతంలో పడుతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి 1.20 ప్రాంతానికి వెళ్తుంది. కొన్ని నివాసాల్లో పన్నెండే హద్దుగా పెట్టుకుంటారు. ఏదైనా సరే, తినడం పూర్తికావాల్సిన వేళ అది. అందుకని వంట పదకొండుకల్లా అక్కడ ఉండాలి.

అందించడం. రెండున్నర మూరల దూరంలోకి వచ్చి, మామూలు మనిషి ఎత్తగలిగినంత బరువున్న గిన్నెను రెండు చేతులతో వాళ్ల చేతికో పాత్రకో అందించాలి. బల్ల మీద పెట్టి, తీసుకోండి అనకూడదు. ఇచ్చాక మళ్లీ గిన్నె సర్దడానికి మనం ముట్టుకుంటే కొన్నిచోట్ల మళ్లీ అందించమంటారు. విత్తనాలున్న ద్రాక్ష, టమాటా లాంటివి ఉంటే భిక్షుణి "కప్పియం కరోహి" అంటుంది. చాకు మొనతో ఒక పండుకు చిన్న గాటు పెట్టి "కప్పియం" అనాలి. మా అబ్బాయికి ఆరేళ్లు, ఈ పని తనదేనని ముందే వచ్చి కూర్చుంటాడు.

వంట గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది వెల్లుల్లి. భిక్షుణుల పాచిత్తియ నియమాల్లో, అంటే తప్పితే ఒప్పుకుని సరిదిద్దుకునే నియమాల్లో, మొదటిదే వెల్లుల్లి తినకూడదని. ఒక ఉపాసకుడు భిక్షుణులకు వెల్లుల్లి ఇస్తానని చెబితే, ఇంట్లో అయిపోయి పొలానికి వెళ్లి తెచ్చుకోమంటే, మితం లేకుండా కోసుకుపోయారన్నది దాని వెనక కథ. కూరలో కలిసి ఉడికినదానికి మినహాయింపు ఉంది, ఉల్లికి అడ్డులేదు. అయినా అడిగి చూడండి. వెల్లుల్లి కారం, పచ్చి వెల్లుల్లి నూరిన పచ్చళ్లు మేం తీసుకెళ్లం. ఇంగువ తిరగమోత పెట్టిన పప్పు, సొరకాయ పులుసు, బెండకాయ వేపుడు, దద్దోజనం చాలు. మొదటి నెల కారం సగం వేయండి. వాళ్లలో ఒకరు జర్మనీ నుంచో కొరియా నుంచో వచ్చి ఉండొచ్చు, బాగాలేదని ఎన్నడూ అనరు. పచ్చి బియ్యం, పప్పులు వాళ్ల చేతికివ్వకండి. పచ్చిధాన్యం వాళ్లు తీసుకోరు. బస్తా గృహస్థుల అలమరాలోకి వెళ్లాలి.

మధ్యాహ్నం తర్వాత పాలు, పెరుగు, మజ్జిగ భోజనం కిందే లెక్క. ఎండలో వచ్చారు కదా అని మజ్జిగ పోయాలనిపిస్తుంది, పోయకండి. పాలు లేని టీ ఇవ్వొచ్చు. మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష రసాలు పిప్పి లేకుండా వడకట్టి ఇవ్వొచ్చు. వీటిని పాళిలో పానాలంటారు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం ఐదూ మందుల కింద లెక్క. ఒకసారి చేతికిచ్చాక ఏడు రోజులు ఉంచుకోవచ్చు. సీసా మీద ఇచ్చిన తేదీ రాయండి. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు అవసరమైతే ఎన్నాళ్లైనా ఉంచుకునే మందులు. ఇవన్నీ విన్నరోజు నాకు తట్టింది: బెల్లం, మిరియాలు, శొంఠి వేసి వడకట్టిన మన శ్రీరామనవమి పానకం సాయంత్రం పూట కూడా చెల్లుతుంది. అడిగితే సరేనన్నారు. జలుబు చేసిన రోజుల్లో ఇప్పుడు మా ఇంటి నుంచి వెళ్లేది అదే.

6. ఒంట్లో బాగాలేని రోజు

విశాఖ అనే ఉపాసిక బుద్ధుణ్ణి ఎనిమిది వరాలడిగింది: భిక్షువులకు వానాకాలపు స్నానవస్త్రాలు, ఊరికొచ్చినవారికి, ఊరి నుంచి వెళ్లేవారికి, రోగికి, రోగిని చూసుకునేవారికి అన్నం, రోగికి మందులు, రోజూ గంజి, భిక్షుణులకు స్నానవస్త్రాలు. తను బతికున్నన్నాళ్లూ ఇవి ఇచ్చే వీలు కల్పించమంది. భిక్షుణులు అచిరవతి నదిలో బట్టలు లేకుండా స్నానం చేస్తుంటే, అక్కడి వేశ్యలు వాళ్లను ఎగతాళి చేశారని విని ఆ చివరిది అడిగింది. ఎవరూ ఆవిడ దగ్గరికొచ్చి కావాలనలేదు. నేను ప్రతి నెలా ఈ ఎనిమిదీ మనసులో లెక్కపెట్టుకుని, ఏది వదిలేశామో చూసుకుంటాను. రోగిని చూసుకునేవారి అన్నం మేం రెండుసార్లు మర్చిపోయాం.

మొహమాటం లేకుండా రాస్తాను. శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు, నొప్పి మాత్రలు బాత్రూం అలమరాలో ఎప్పుడూ ఉండాలి. నిండా ఉన్నాయో లేదో నెలకోసారి ఒక ఆడమనిషి చూడాలి. బుద్ధుని కాలంలోనే నెలసరి కోసం నివాసంలో ఒక బట్ట ఉంచే ఏర్పాటు వినయంలో ఉంది. దీన్ని మగవాళ్లతో నిండిన కమిటీ తలచుకోదు. అందుకే కమిటీలో సగానికి పైగా ఆడవాళ్లుండాలని నేను పట్టుబట్టాను.

మహిళా డాక్టరును, పళ్ల డాక్టరును ముందే చూసిపెట్టుకోండి. ఇక్కడ పెద్దవాళ్ల పళ్ల ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్‌లో మామూలుగా రాదు, దానికి వేరే నిధి ఉంచాలి. విదేశాల నుంచి వచ్చిన భిక్షుణికి వీసాతో పాటు ప్రైవేటు ఆరోగ్య బీమా కూడా కావాలి. గడువు తేదీలు ఇద్దరి ఫోన్లలో రిమైండర్‌గా పెట్టండి.

7. తోడు

భిక్షుణి ఒంటరిగా ఊళ్లోకి వెళ్లడం, ఒంటరిగా రాత్రి గడపడం కూడా సంఘాదిశేషం కిందికే వస్తాయి. మగమనిషితో చాటున ఒంటరిగా ఉండటం మీదా నియమాలున్నాయి. కాబట్టి ప్లంబర్ వచ్చినా, ఏసీ మెకానిక్ వచ్చినా ఒక ఉపాసిక అక్కడుండాలి. బాబాయి కారులో ఆస్పత్రికి దింపుతానంటే సంతోషమే, పిన్నిని కూడా ఎక్కించుకు రమ్మనండి. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరు ఊరెళ్తే, ఆ రాత్రులు ఎవరు తోడు పడుకుంటారో ముందే రాసిపెట్టుకోండి. బస్సు, రైలుకు మైకీ కార్డులు కప్పియ నింపి ఇస్తుంది.

8. ఎలా అడగాలి

"ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నది ఎందుకూ పనికిరాని మాట. బంధువులో, ముందే పవారణ ఇచ్చినవాళ్లో కాకపోతే వాళ్లు నోరు తెరిచి అడగరు. పవారణ అంటే ఫలానావి అడగండి అని నోటితో ఇచ్చే ఆహ్వానం. దానికి హద్దు, గడువు ఉంటే వాళ్లకూ తేలిక. మేమిలా చెప్తాం: "అయ్యా, వచ్చే నాలుగు నెలలు మందులు, కళ్లద్దాలు, చెప్పులు, ఉన్ని దుస్తులు ఏవి కావాల్సినా నాకు చెప్పమని పవారణ ఇస్తున్నాను." నాలుగు నెలలు కాగానే మళ్లీ ఇస్తాం. అలా ఇచ్చిన మర్నాడే, చలికి కాళ్లు పగిలిన ఒక భిక్షుణి ఉన్ని మేజోళ్లు అడిగింది. అంతకుముందు ఆరు వారాలు వాటి మాటే ఎత్తలేదు.

చలిబట్టలు కొనేటప్పుడు గోధుమరంగు, గీతలు బొమ్మలు లేనివి. చీవరాల (వాళ్లు కట్టుకునే వస్త్రాల) గుడ్డ రంగు, కొలత వాళ్లనడిగే కొనండి.

9. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది

అద్దె మనం కడుతున్నాం కాబట్టి ఇంట్లో ఎవరుండాలో మనం చెప్పొచ్చని ఏదో ఒక రోజు కమిటీలో ఎవరికో ఒకరికి అనిపిస్తుంది. చాలా నివాసాలు చెడేది అక్కడే. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి దీక్ష ఇవ్వాలి, రోజు ఎలా గడపాలి, ఏం బోధించాలి అన్నవి సంఘం నిర్ణయాలు. డబ్బు, చట్టం, మరమ్మతులు గృహస్థులవి. మధ్యలో పడేవి కొన్ని ఉంటాయి: అతిథులు ఎన్ని రాత్రులుండొచ్చు, రిట్రీట్లు పెట్టాలా వద్దా, ఇల్లు మారాలా అన్నవి. వాటిని నెలకోసారి కలిసి కూర్చుని మాట్లాడండి. ఈ మూడు వరుసల కాగితం ఇంట్లో దిగకముందే రాసుకోండి. మనస్పర్థ వచ్చాక రాస్తే ప్రతి వాక్యం ఎవరో ఒకరి మీద రాసినట్టుంటుంది.

ఇంకొకటి. వాళ్లకు ఏకాంతం కావాలి. దానె అయ్యాక గిన్నెలు కడిగేసి వచ్చేయండి. మన ఇంటి కష్టాలు చెప్పుకోవడానికి వారంలో ఒక సాయంత్రం పెట్టుకుంటే, మిగతా ఆరూ వాళ్లవి.

10. మొదటి వర్షావాసం

ఆషాఢ పున్నమి మర్నాటి నుంచి మూడు నెలలు వాళ్లు ఆ చోటు వదలరు. ఆస్ట్రేలియాలో అది చలికాలం. హీటర్, వేడినీళ్ల సంగతి జూన్‌లోనే చూసేయండి. ఈ మూడు నెలల దానె క్యాలెండర్ మొదటి రోజుకే నిండి ఉండాలి. నిండని తేదీలు కమిటీవాళ్లవి.

మూడు నెలలయ్యాక కఠినోత్సవం, అంటే సంఘానికి వస్త్రం ఇచ్చే ఉత్సవం, చేద్దామని అందరికీ ఉత్సాహం వస్తుంది. కఠినానికి కనీసం ఐదుగురు కావాలి, ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో అది కుదరదు. బాధపడక్కర్లేదు, మామూలు వస్త్రదానం చేయొచ్చు. మా మొదటి ఏడాది ఆ రోజు పద్నాలుగు కుటుంబాలు కలిసి ఒకే గుడ్డ తాను కొన్నాం. దాన్ని పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా తలో చేయి వేసి పట్టుకుని అందించాం. మధ్యాహ్నం కప్పియ వచ్చే మూడు నెలల క్యాలెండర్ గోడకు తగిలించింది. బుధవారాలన్నీ అప్పటికే నిండి ఉన్నాయి.